తీగ లేని బొమ్మ: ఉపగ్రహం నుంచి నట్టింటి గోడ వరకు

7.1 పరిచయం

నాగార్జునసాగర్ ఆనకట్ట దగ్గర కొండల నడుమ ఉన్న హిల్ కాలనీ, పైలాన్ కాలనీలు 2018లో నందికొండ మున్సిపాలిటీ అయ్యాయి. పేరు మాత్రం కొత్తది కాదు. 1955 డిసెంబర్ 10న జవహర్‌లాల్ నెహ్రూ శంకుస్థాపన చేసిన ప్రాజెక్టును తొలి రోజుల్లో నందికొండ ప్రాజెక్టు అనే పిలిచేవారు. ఆ కాలనీలో ఒక ఇంటిని ఊహించుకోండి. డిగ్రీ చదువుతున్న విద్యార్థిని తన ఫోన్‌లో ఉన్న వీడియో పాఠాన్ని గోడకున్న టీవీలో పెద్దగా చూడాలనుకుంది. ఫోన్ తెర మీద ఒక గుర్తును తాకింది. కాసేపట్లో బొమ్మ టీవీ మీదికి వచ్చింది. ఫోన్‌కూ టీవీకీ మధ్య దూరం పది అడుగులు. మధ్యలో తీగ లేదు.

యాభై ఏళ్ళ కింద, కృష్ణకు ఇదే ఒడ్డున, పక్కనే ఉన్న మహబూబ్‌నగర్ జిల్లా పల్లెలకు కూడా తీగ లేకుండానే బొమ్మ వచ్చింది. అయితే అది 36 వేల కిలోమీటర్ల పైనుంచి దిగింది. పంపిన ఉపగ్రహం అమెరికాది. చూసింది ఊరు ఊరంతా. ఏది చూపాలో నిర్ణయించింది ప్రభుత్వం. ఏడాది గడిచాక ఉపగ్రహం వెళ్ళిపోయింది, బొమ్మ ఆగిపోయింది.

ఈ రెండింటి మధ్య ఏం జరిగిందన్నది ఈ పాఠం విషయం. యంత్రాలు చిన్నవయ్యాయి, చవకయ్యాయి అన్న జవాబు అందరికీ తెలిసినదే, అది నిజమే కూడా. కానీ సగం నిజం. గాలిలో తరంగాలను పంపే అనుమతి ఎవరి చేతిలో ఉంది అన్న ప్రశ్నకు ఈ కాలంలో జవాబు రెండు మూడు సార్లు మారింది. ఆ మార్పు జరగకపోతే ఎంత మంచి యంత్రం వచ్చినా అది మన నట్టింట్లోకి వచ్చేది కాదు. సాంకేతిక చరిత్ర చదివేటప్పుడు విద్యార్థులు ఎక్కువగా వదిలేసే భాగం ఇదే కనుక, దాన్ని ముందుగా చూద్దాం.

7.2 గాలి ఎవరిది?

1885 నాటి టెలిగ్రాఫ్ చట్టం టెలిగ్రాఫ్ నడిపే ప్రత్యేక హక్కును ప్రభుత్వానికే ఇచ్చింది. అప్పటికి రేడియో పుట్టలేదు. పుట్టాక, 1933లో వైర్‌లెస్ టెలిగ్రఫీ చట్టం వచ్చింది. దాని ప్రకారం లైసెన్సు లేకుండా వైర్‌లెస్ పరికరాన్ని కలిగి ఉండటమే నేరం. పంపడం సంగతి అటుంచండి, వినడానికి కూడా అనుమతి కావాలి. ఇంట్లో రేడియో ఉన్నవారు పోస్టాఫీసుకు వెళ్ళి ఏటా లైసెన్సు రుసుము కట్టి పుస్తకంలో ముద్ర వేయించుకున్న సంగతి మీ ఇంట్లో పెద్దవాళ్ళకు గుర్తుండవచ్చు. అడిగి చూడండి. టీవీకీ అదే పద్ధతి. 1980ల మధ్యలో ఈ లైసెన్సులు రద్దయ్యాయి.

నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాలు అప్పట్లో నిజాం రాజ్యంలోవి. అక్కడ కూడా ప్రసారం పాలకుల చేతిలోదే. 1935 నుంచి నిజాం ప్రభుత్వ ఆధ్వర్యంలో నడిచిన డెక్కన్ రేడియో 1950లో ఆకాశవాణిలో కలిసింది. యజమాని మారాడు, పద్ధతి మారలేదు. గాలి సర్కారుదే.

7.3 సైట్: ఊరికొక్క సెట్టు

1969లో భారత అణుశక్తి విభాగం, అమెరికా అంతరిక్ష సంస్థ నాసా ఒక ఒప్పందం చేసుకున్నాయి. నాసా తన ఏటీఎస్-6 ఉపగ్రహాన్ని ఒక ఏడాది పాటు మన దేశానికి వాడుకోనిస్తుంది. కార్యక్రమాలు, నేల మీది పరికరాలు, ఊళ్ళ ఎంపిక అన్నీ మనవే. దీని వెనుక ఉన్న ఆలోచన విక్రమ్ సారాభాయ్‌ది. టవర్లు కట్టుకుంటూ పోతే నగరాల నుంచి పల్లెలకు టీవీ చేరడానికి ఎన్నో ఏళ్ళు పడుతుంది. ఉపగ్రహమైతే అడవిలోని ఊరికీ, నగరానికీ తేడా చూడదు. కాబట్టి ముందు పల్లె నుంచే మొదలుపెడదాం అన్నది ఆయన వాదం. 1971 డిసెంబర్‌లో ఆయన మరణించారు. ప్రయోగాన్ని ఇస్రో ముందుకు తీసుకువెళ్ళింది. దాని పేరు శాటిలైట్ ఇన్‌స్ట్రక్షనల్ టెలివిజన్ ఎక్స్‌పెరిమెంట్. పొడి అక్షరాల్లో సైట్.

1975 ఆగస్టు 1న ప్రసారాలు మొదలై 1976 జూలై 31న ముగిశాయి. ఆరు రాష్ట్రాల్లో దాదాపు 2,400 గ్రామాలకు సెట్లు ఇచ్చారు. వెనుకబాటుతనం ఎంపికకు ఒక ముఖ్యమైన కొలత. ఆంధ్రప్రదేశ్‌లో ఎంచుకున్నవి హైదరాబాద్, మెదక్, మహబూబ్‌నగర్, కర్నూలు జిల్లాలు. నాటి మహబూబ్‌నగర్ అంటే ఇప్పటి నాగర్‌కర్నూల్, వనపర్తి, గద్వాల, నారాయణపేట ప్రాంతాలను కూడా కలుపుకున్న పెద్ద జిల్లా. నందికొండ ఉన్న నల్లగొండ జిల్లా ఆ జాబితాలో లేదు. ఉపగ్రహపు వెలుగు జిల్లా సరిహద్దు దగ్గర ఆగదు కదా, నల్లగొండ మీద కూడా అదే తరంగం పడింది. కానీ దాన్ని పట్టుకునే గొడుగు అక్కడ పెట్టలేదు.

ఆ గొడుగు సంగతి చెప్పుకోవాలి. ఏటీఎస్-6 దగ్గర తొమ్మిది మీటర్లకు పైగా వెడల్పు ఉన్న యాంటెన్నా ఉండేది. ఆ కాలానికి అంతరిక్షంలో అంత పెద్దది మరొకటి లేదు. ప్రసార శక్తి మాత్రం 80 వాట్లు, అంటే ఒక సీలింగ్ ఫ్యాన్ తినేంత కరెంటు. ఆ 80 వాట్లు 36 వేల కిలోమీటర్లు దిగివచ్చేసరికి ఎంత బలహీనపడతాయో ఆలోచించండి. పైన యాంటెన్నా పెద్దదిగా ఉండబట్టి కింద చిన్నది సరిపోయింది. మూడు మీటర్ల వెడల్పు, కోళ్ళ గూళ్ళకు వాడే జాలీ లాంటి తీగల వలతో చేసిన గిన్నె. తరంగం పొడవు దాదాపు 35 సెంటీమీటర్లు కాబట్టి జాలీలోని రంధ్రాలు దానికి అడ్డు కాదు. వల అద్దంలాగే పనిచేస్తుంది. బరువు తక్కువ, గాలి తట్టుకుంటుంది, ఖర్చు తక్కువ. ఈ సెట్లను తయారు చేసింది హైదరాబాద్‌లోని ఎలక్ట్రానిక్స్ కార్పొరేషన్, అంటే మనం ఈసీఐఎల్ అని పిలిచే సంస్థ. 1967లో అయ్యగారి సాంబశివరావు నాయకత్వంలో మొదలైన ఆ సంస్థ పేరు మీదే ఇవాళ హైదరాబాద్‌లో ఒక చౌరస్తా ఉంది. కరెంటు లేని కొన్ని ఊళ్ళకు బ్యాటరీతో నడిచే సెట్లు వెళ్ళాయి.

రోజూ నాలుగు గంటల ప్రసారం: ఉదయం గంటన్నర బడి పిల్లలకు, సాయంత్రం రెండున్నర గంటలు పెద్దలకు. సాయంత్రం అరగంట దేశమంతటికీ ఉమ్మడి కార్యక్రమం హిందీలో వచ్చేది. మిగిలిన సమయాన్ని భాషలు పంచుకున్నాయి. ఇక్కడొక విశేషం ఉంది. ఒకే బొమ్మతో పాటు రెండు మాటల దారులను పంపే వీలు ఆ ఉపగ్రహంలో ఉంది. కర్ణాటకలో సైట్ గ్రామాలున్న రాయచూరు, గుల్బర్గా, బీజాపూర్ జిల్లాల్లో మొదటి రెండూ మన మహబూబ్‌నగర్‌కు ఆనుకున్నవే. అందువల్ల మక్తల్ వైపు తెలుగు మాటతో, రాయచూరు వైపు కన్నడ మాటతో ఒకే బొమ్మను చూశారు. జొన్న, ఆముదం, వేరుశనగ పండే ఆ మెట్ట నేలకు ఇది బాగానే సరిపోయింది. సేద్యం మీద చూపిన బొమ్మ ఏ ఒడ్డు రైతుకైనా పరాయిది కాదు. రెండు భాషల కోసం రెండు బొమ్మలు తీసే ఖర్చూ తప్పింది.

దూరవిద్య విద్యార్థులుగా మీరు గమనించాల్సిన భాగం మరొకటి ఉంది. బడులు మూసిన సెలవు రోజుల్లో అదే సెట్ల ద్వారా, రేడియో, అచ్చు పాఠాలు కలిపి దాదాపు 50 వేల మంది ప్రాథమిక పాఠశాల ఉపాధ్యాయులకు శిక్షణ ఇచ్చారు. బొమ్మ, మాట, అచ్చు పుస్తకం, దగ్గర్లోని కేంద్రంలో చర్చ అనే ఈ కలయిక మీకు పరిచితమే. మీరు ఇప్పుడు చదువుతున్న పద్ధతి అదే. దేశంలో మొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయం 1982లో హైదరాబాద్‌లో ఏర్పడేనాటికి ఈ అనుభవం అందుబాటులో ఉంది.

సైట్ సెట్టు పంచాయతీ ఆఫీసులోనో బడిలోనో ఉండేది. ఊరి జనం, ముఖ్యంగా పిల్లలు, ముందు గుమిగూడేవారు. ప్రయోగంలో ఇంటికి టీవీ అన్న మాటే లేదు. దీనికొక మినహాయింపు మాత్రం ఉంది, అదీ దేశం బయట. ఇలాంటి ఉపగ్రహాల గురించి 1945లోనే రాసిన రచయిత ఆర్థర్ సి. క్లార్క్ కొలంబోలో ఉండేవారు. మన ఇంజినీర్లు ఆయన ఇంటి మీద ఒక గిన్నెను బిగించి వచ్చారు. మహబూబ్‌నగర్‌లో ఊరంతా కలిసి చూసిన ప్రసారాన్ని సొంత ఇంట్లో కూర్చుని చూసే భాగ్యం ఆయనకు దక్కింది.

మీ ప్రగతిని పరీక్షించుకోండి: సైట్ గ్రామాల్లో కింద చిన్న యాంటెన్నా ఎందుకు సరిపోయింది? ఒకే బొమ్మ రెండు భాషల వారికి ఎలా చేరింది? మీ జవాబులను పైభాగంతో పోల్చి చూసుకొని ముందుకు వెళ్ళండి.

7.4 ఉపగ్రహం వెళ్ళిపోయాక

ఒప్పందం గడువు ఒక ఏడాది. గడువు తీరగానే నాసా ఏటీఎస్-6ను తిరిగి తన వైపు జరుపుకుంది. జాలీ గొడుగులు అలాగే ఉన్నాయి, పైన ఏమీ లేదు. ప్రయోగం విఫలమవలేదు, దాన్ని కొనసాగించే అధికారమే మన చేతిలో లేదు. ఈ తేడాను చరిత్ర విద్యార్థి గట్టిగా పట్టుకోవాలి.

కొంత భాగాన్ని నేల మీది ట్రాన్స్‌మిటర్లతో పూడ్చడానికి ప్రయత్నించారు. 1977 అక్టోబర్ 23న హైదరాబాద్ దూరదర్శన్ కేంద్రం మొదలైంది. కానీ టవర్ నుంచి వచ్చే టీవీ తరంగం దాదాపు చూపు మేరకే వెళుతుంది. భూమి గుండ్రం, మధ్యలో గుట్టలు. నగరానికి దగ్గరి ఊళ్ళకు బొమ్మ కొనసాగింది. మహబూబ్‌నగర్ దక్షిణ కొసన, నల్లమల అంచున ఉన్న ఊళ్ళకు అందే పరిస్థితి లేదు. ముందు పల్లె, తరువాత పట్నం అన్న సారాభాయ్ క్రమం ఇలా తలకిందులైంది. హైదరాబాద్‌కు దాదాపు 150 కిలోమీటర్ల దూరంలో, కొండల మధ్య ఉన్న నందికొండ లాంటి చోట ఎంత ఎత్తు గొట్టానికి యాంటెన్నా కట్టినా ఆ టవర్ బొమ్మ సరిగ్గా అందడం కష్టమే.

1983లో ఇన్సాట్-1బి వచ్చాక మన సొంత ఉపగ్రహం నుంచి బొమ్మను దించి, జిల్లాల్లో చిన్న ట్రాన్స్‌మిటర్ల ద్వారా పంచడం మొదలైంది. 1984లో ఈ ట్రాన్స్‌మిటర్లను దేశమంతటా వరసగా పెట్టుకుంటూ పోయారు. తరువాతి కథ మీకు తెలిసినదే: వీసీఆర్, వీధి చివర డిష్ పెట్టి ఇంటింటికీ నల్ల తీగ లాగిన కేబుల్ ఆపరేటర్, 1995లో తెలుగు ప్రైవేటు చానళ్ళు. గమ్మత్తు ఏమిటంటే బొమ్మ పల్లెకు తీగ లేకుండా వచ్చి, ఇంట్లోకి మాత్రం తీగతో వచ్చింది.

1995 ఫిబ్రవరి 9న సుప్రీంకోర్టు ఇచ్చిన ఒక తీర్పు ఈ కథను మలుపు తిప్పింది. 1993 నాటి ఒక క్రికెట్ పోటీ ప్రసార హక్కుల వివాదం అది: ఒక వైపు కేంద్ర సమాచార ప్రసార శాఖ, మరో వైపు బెంగాల్ క్రికెట్ సంఘం. వాయుతరంగాలు ప్రజల ఆస్తి, ప్రభుత్వం వాటికి యజమాని కాదు అని కోర్టు చెప్పింది. వాటిని ప్రజల మేలు కోసం ఒక ప్రజా సంస్థ నియంత్రించాలంది. ఆ ధర్మాసనంలో విడిగా తీర్పు రాసిన జస్టిస్ బి.పి. జీవన్ రెడ్డి అంతకు ముందు ఆంధ్రప్రదేశ్ హైకోర్టు న్యాయమూర్తిగా పనిచేసినవారు. క్రికెట్ గొడవ నుంచి ఇంత పెద్ద సూత్రం పుట్టడం కొంత వింతే. కానీ చట్ట చరిత్రలో చిన్న వివాదాల నుంచే పెద్ద సూత్రాలు రావడం మామూలు.

7.5 లైసెన్సు అక్కరలేని తరంగాలు

ప్రజల ఆస్తి అన్నంత మాత్రాన ఎవరైనా వాడుకోవచ్చని కాదు. మన ఇళ్ళను తాకిన అసలు మార్పు మరో దారిలో, దాదాపు చప్పుడు లేకుండా వచ్చింది.

మైక్రోవేవ్ పొయ్యిలు 2.4 గిగాహెర్ట్జ్ దగ్గర పనిచేస్తాయి. ఆ చుట్టుపక్కల పౌనఃపున్యాలను రేడియో సంస్థలు చెత్తబుట్టగా చూసేవి. అంత సందడిలో ఎవరు సంకేతం పంపుతారు? 1985లో అమెరికా సమాచార కమిషన్ ఆ పట్టీని, మరో రెండింటిని తక్కువ శక్తితో, నిర్ణీత పద్ధతిలో, లైసెన్సు లేకుండా వాడుకోవడానికి తెరిచింది. ఎవరూ కోరని బంజరు అనుకున్నచోట పంట పండింది. 1997లో వైఫైకి మూలమైన 802.11 ప్రమాణం వచ్చింది.

మన దేశంలో 2005 జనవరిలో 2.4 గిగాహెర్ట్జ్ పట్టీకి లైసెన్సు తీసేశారు. 5 గిగాహెర్ట్జ్‌లో కొంత భాగాన్ని ఇంటి లోపలి వాడకానికి అదే కాలంలో వదిలారు. 2018 అక్టోబర్‌లో ఆ పట్టీలో మొత్తం 605 మెగాహెర్ట్జ్‌ను ఇంటా బయటా స్వేచ్ఛగా వాడుకోనిచ్చారు. నోటిఫికేషన్ భాష ఎంత పొడిగా ఉన్నా, 1933 చట్టం పక్కన పెట్టి చదివితే దాని బరువు తెలుస్తుంది. వినడానికే లైసెన్సు అడిగిన దేశం, పంపడానికి కూడా అడగడం మానేసింది. ఇవాళ ఇంట్లోని వైఫై పెట్టె, ఫోన్, టీవీ, మూడూ చిన్న ప్రసార కేంద్రాలే. ఏటీఎస్-6 శక్తి 80 వాట్లయితే వీటిది చాలావరకు వాటులో పదో వంతు.

ఒక షరతు ఉంది. లైసెన్సు లేని పట్టీలో ఎవరికీ రక్షణ లేదు. పక్కింటి వైఫై మీ బొమ్మను చెడగొడితే మీరు ఎక్కడా ఫిర్యాదు చేయలేరు. మీది వాళ్ళ బొమ్మను చెడగొట్టినా అంతే. దీన్ని ఊరి ఉమ్మడి బావితో పోల్చవచ్చు. చేద ఎవరైనా వేయవచ్చు, కానీ నా వంతు అని కాగితం చూపించే వీలు లేదు. అపార్ట్‌మెంట్లలో సాయంత్రం వేళ బొమ్మ ఆగి ఆగి రావడానికి ఇదొక కారణం. నందికొండ కాలనీ లాంటి విడి ఇళ్ళ చోట ఆ బాధ తక్కువ.

7.6 హై డెఫినిషన్ బొమ్మ బరువు

అనుమతి దొరికింది. మరి పది అడుగుల దూరం బొమ్మను పంపడం ఎందుకు కష్టమైంది? లెక్క వేసి చూద్దాం.

పూర్తి హై డెఫినిషన్ బొమ్మలో అడ్డంగా 1,920, నిలువుగా 1,080 చుక్కలు. మొత్తం 20 లక్షల 73 వేల పైచిలుకు. ఒక్కో చుక్క రంగు చెప్పడానికి 24 బిట్లు. సెకనుకు 60 బొమ్మలు. గుణిస్తే సెకనుకు దాదాపు 300 కోట్ల బిట్లు, అంటే 3 గిగాబిట్లు. 1999 నాటి వైఫై వేగం సెకనుకు 1.1 కోట్ల బిట్లు, అదీ కాగితం మీద. దాదాపు 270 రెట్లు తక్కువ. చెరువు నీటిని గడ్డిపరకతో పీల్చడమన్నమాట.

రెండు దారులు కనిపించాయి. ఒకటి, గొట్టాన్ని పెద్దది చేయడం. 60 గిగాహెర్ట్జ్ దగ్గర బోలెడంత ఖాళీ ఉంది. 2008లో వచ్చిన వైర్‌లెస్‌హెచ్‌డీ ప్రమాణం అక్కడ బొమ్మను ఏమాత్రం కుదించకుండా, ఉన్నదున్నట్టు పంపింది. ఈ తరంగం పొడవు 5 మిల్లీమీటర్లు. 1890ల్లో కలకత్తాలో జగదీశ్ చంద్రబోస్ తన చిన్న గొట్టాలతో, కొమ్ములతో పుట్టించి చూపిన తరంగాల్లో ఇంత పొట్టివి కూడా ఉన్నాయి. నూరేళ్ళకు పైగా వాటికి ఇంటి పని దొరకలేదు. దొరికినప్పుడు గోడ అడ్డం వచ్చింది. 35 సెంటీమీటర్ల తరంగం జాలీ రంధ్రాన్ని లెక్కచేయదని పైన చూశాం. 5 మిల్లీమీటర్ల తరంగానికి మనిషి అడ్డంగా నడిచినా ఇబ్బందే. గాలిలోని ఆక్సిజన్ కూడా దాన్ని మింగుతుంది. మన మెట్ట ప్రాంతంలో మూరెడు మందం రాతి గోడల ఇళ్ళు చాలా ఉన్నాయి. అలాంటి ఇంట్లో ఒక గది నుంచి మరో గదికి ఈ తరంగం పోదు. 2009 చివర్లో డబ్ల్యూహెచ్‌డీఐ అనే మరో ప్రమాణం 5 గిగాహెర్ట్జ్‌లో అదే పని చేయాలని చూసింది. గోడ దాటింది కానీ విడిగా ఒక పెట్టె, విడిగా ఒక చిప్, వాటి ధర. ఇళ్ళలో నిలవలేదు. సినిమా చిత్రీకరణలో కెమెరా చూస్తున్న బొమ్మను దర్శకుడి తెరకు తీగ లేకుండా, ఆలస్యం లేకుండా పంపే పరికరాల్లో ఆ పరిజ్ఞానం బతికింది.

రెండో దారి బొమ్మను చిన్నది చేయడం. గెలిచింది ఇదే. 2003లో వచ్చిన హెచ్.264 పద్ధతి సూత్రం సులువు: మారినదాన్ని మాత్రమే చెప్పు. పాఠం చెబుతున్న అధ్యాపకుడి వెనుక నల్లబల్ల మారదు. చెయ్యి, పెదవులు మారతాయి. వాటినే పంపితే చాలు. 3 గిగాబిట్లు 5 నుంచి 10 మెగాబిట్లకు దిగుతాయి. మారే వస్తువు కదిలితే, ఎటు ఎంత జరిగిందో చెప్పి ఊరుకుంటుంది.

దీని బలహీనత తెలుసుకోవడానికి నందికొండ కంటే మంచి చోటు లేదు. సాగర్ ఆనకట్టకు 26 గేట్లు. వరద వచ్చి అవి ఎత్తినప్పుడు ఫోన్‌లో తీసిన వీడియోను టీవీకి పంపి చూడండి. నురగ, తుంపర, పొగలాంటి నీటి ఆవిరి. ఏ చుక్కా ముందటి క్షణంలో ఉన్నట్టు ఉండదు, ఏదీ ఒక వైపుకు జరగదు. మారనిదంటూ లేనప్పుడు కుదించడానికేముంది? బొమ్మ చతురస్రాలు చతురస్రాలుగా పగులుతుంది. గేట్లు దించాక అదే ఆనకట్టను తీస్తే రాతి కట్టడం కదలదు కనుక బొమ్మ అద్దంలా వస్తుంది. టీవీ చెడిపోయిందని మెకానిక్‌ను పిలిచే ముందు ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

కుదించడానికీ, విప్పడానికీ సమయం పడుతుంది. ఫోన్ బొమ్మను పంపే పద్ధతుల్లో ఈ ఆలస్యం మామూలుగా సెకనులో పదో వంతు నుంచి నాలుగో వంతు దాకా ఉంటుంది. 36 వేల కిలోమీటర్ల పైకి వెళ్ళి కిందికి రావడానికి తరంగానికి పట్టే కాలం కూడా సెకనులో పావు వంతే. అంటే 1975లో అహ్మదాబాద్ నుంచి ఉపగ్రహం మీదుగా మహబూబ్‌నగర్ పల్లెకు బొమ్మ చేరడానికి పట్టిన సమయం, ఇవాళ మంచం మీది ఫోన్ నుంచి గోడ మీది టీవీకి చేరడానికి పట్టే సమయం దాదాపు ఒకటే. దూరం తగ్గింది, లెక్కల పని పెరిగింది.

7.7 ఇంట్లోకి వచ్చిన పద్ధతులు

2009లో 802.11ఎన్ వైఫై వేగం పెంచింది. ఫోన్ చిప్‌లలోనే హెచ్.264 యంత్రాంగం చేరింది. ఆపై రెండు వేర్వేరు పద్ధతులు వచ్చాయి. బయటికి ఒకేలా కనిపిస్తాయి, లోపల పూర్తిగా వేరు. మీ జేబుకు సంబంధించిన తేడా కనుక కాస్త నిదానంగా చదవండి.

2012లో వచ్చిన మిరాకాస్ట్‌లో ఫోన్, టీవీ నేరుగా ఒకదానితో ఒకటి మాట్లాడుకుంటాయి. ఫోన్ తెర మీద ఉన్నదే టీవీకి వెళుతుంది. ఇంటర్నెట్ అక్కరలేదు, ఇంట్లో వైఫై పెట్టె కూడా అక్కరలేదు. ముందే దించుకున్న పాఠాన్ని ఒక్క మెగాబైటు డేటా ఖర్చు లేకుండా చూడవచ్చు. అయితే ఫోన్ పని చేస్తూనే ఉండాలి; బ్యాటరీ తరుగుతుంది. కొన్ని సినిమా యాప్‌లు నకలు నివారణ పేరుతో టీవీ మీద నల్ల తెరను చూపిస్తాయి.

2013లో గూగుల్ తెచ్చిన క్రోమ్‌కాస్ట్ పద్ధతిలో ఫోన్ మామూలుగా బొమ్మను పంపదు. ఫలానా వీడియో ఫలానా చోట ఉంది అని చిరునామా చెప్పి తప్పుకుంటుంది. టీవీకి తగిలించిన పరికరమే ఇంటర్నెట్ నుంచి దాన్ని తెచ్చుకుంటుంది. ఫోన్‌లో వేరే పని చేసుకోవచ్చు, బొమ్మ నాణ్యత బాగుంటుంది. కానీ ఇంటర్నెట్ పోతే బొమ్మ పోతుంది. పది అడుగుల దూరంలో ఉన్న టీవీకి పాఠం చేరడానికి అది ఎక్కడో ఉన్న సర్వర్ దాకా వెళ్ళి రావాలి. 2016లో 4జీ డేటా చవకయ్యాక మన పల్లెల్లో చాలామంది ఈ ఖర్చును పట్టించుకోవడం మానేశారు. డేటా ధరను వేరొకరు నిర్ణయిస్తారన్న సంగతి మాత్రం అలాగే ఉంది.

నా అభిప్రాయంలో మొదటి పద్ధతి 2005 నాటి స్వేచ్ఛకు నిజమైన వారసురాలు. రెండోది సౌకర్యంగా ఉంటుంది, కానీ అది ఏటీఎస్-6 బంధువు: అవతలివాడు ఇచ్చినంత కాలమే ఉంటుంది. పాఠాలను దించుకొని దాచుకునే వీలు ఉన్నప్పుడు దించుకోమని విద్యార్థులకు చెప్పేది ఇందుకే.

7.8 2020: మళ్ళీ ఊరి టీవీ

2001లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో మొదలైన మన టీవీ ఉపగ్రహ విద్యా ప్రసారాలు, రాష్ట్ర విభజన తరువాత తెలంగాణలో టీశాట్‌గా మారాయి. కోవిడ్ కాలంలో బడులు మూతబడ్డాయి. 2020 సెప్టెంబర్ 1న తెలంగాణలో దూరదర్శన్ యాదగిరి, టీశాట్ ద్వారా ప్రభుత్వ బడుల పిల్లలకు డిజిటల్ పాఠాలు మొదలయ్యాయి.

అప్పటికి మన దగ్గర సొంత ఉపగ్రహాలున్నాయి, చవక డేటా ఉంది, ఫోన్ నుంచి టీవీకి బొమ్మను పంపే పద్ధతులు ఎనిమిదేళ్ళుగా ఉన్నాయి. ఒకే ఫోన్ ఉన్న ఇంట్లో ఇద్దరు ముగ్గురు పిల్లలుంటే, తండ్రి ఆ ఫోన్‌తో పనికి వెళితే, ఆ పద్ధతులు ఏవీ పనికి రాలేదు. టీవీ లేని పిల్లలను గుర్తించి పక్కింటి పిల్లలతోనో, గ్రామ పంచాయతీ టీవీతోనో జతచేసే పని ఉపాధ్యాయులపై పడింది. 1975లో సెట్టు పెట్టిన చోటు కూడా పంచాయతీ ఆఫీసే. ఈసారి జాలీ గొడుగు లేదు, పిల్లలు దూరం దూరంగా కూర్చున్నారు.

అభ్యాసం: మీ ఊళ్ళో 1975–76లో సైట్ సెట్టు ఉందో లేదో, ఉంటే ఎక్కడ పెట్టారో, ఆపేశాక అది ఏమైందో అరవై ఏళ్ళు దాటిన ఇద్దరిని అడిగి ఒక పుట రాయండి. 2020లో మీ వీధిలో ఎంతమంది పిల్లలు ఎవరి ఇంట్లో పాఠం చూశారో అదే పుట వెనుక రాయండి. అధ్యయన కేంద్రంలో సంప్రదింపు తరగతికి వచ్చేటప్పుడు ఆ కాగితం వెంట తెచ్చుకోండి.